పిన్నిగారి మూడొందల రెండు

కబురు వచ్చేసరికి నేను ఒకాయన ఆధార్ కార్డుకి లామినేషన్ చేస్తున్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఆ, చెప్పు" అన్నాను. అవతల పక్క ఊరు బచేలి తెలుగు సంఘం సెక్రటరీ. "పిన్నిగారు పోయారట్రా, విజయనగరంలో" అన్నాడు. కార్డు మెషీన్లో ఉండవలసిన దానికంటే కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది. బయటికి తీసేసరికి ఫోటోలో ఆయన ముఖం ముడతలు పడిపోయింది. "నేను ఇంత ముసలాణ్ణా?" అని హిందీలో గొడవకి దిగాడాయన. "ఇప్పుడే పోలిక కుదిరింది భయ్యా" అన్నాను గానీ నా జోకు నాకే నవ్వు తెప్పించలేదు.

సెక్రటరీ ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పాడు. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆవిడ వచ్చి కూర్చోవాలి కదా.

నా దుకాణంలో దిండు ఉన్న కుర్చీ ఒకటే. అది నాది. కానీ ఆవిడ గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు వినపడగానే నేను లేచి స్టూలు మీదికి మారిపోయేవాణ్ణి. మారమని ఆవిడ ఏనాడూ అనలేదు. కూర్చునే ముందు కొంగుతో కంప్యూటర్ తెరని తుడిచేది. మా కిరండూల్లో దుమ్ము పడని వస్తువు లేదు. కొండ మీద ఇనుపరాయి తవ్వి కంపెనీ రైళ్ళలో పంపేస్తుంది, అందులో మా వాటా మాకు ఎర్రదుమ్ముగా కిందికి పంచుతుంది. కానీ ఆవిడ తుడుపు దుమ్ముకోసం కాదు. పేజీ తెరుచుకోకపోయినా తుడిచేది, ఫైల్లో తప్పు దొరక్కపోయినా తుడిచేది, ఎవరి మీదైనా కోపం వచ్చినా తుడిచేది. తెర అద్దంలా మెరిసిపోతోందంటే ఆ రోజు ఎవడికో మూడిందన్నమాట.

కాలనీ మొత్తానికి ఆవిడ పిన్నిగారే. వాళ్ళాయన కొండ మీద ఇనుపరాయి ఎత్తిపోసే షవల్‌కి ఆపరేటర్, ఆయన పై ఆఫీసరు కూడా పిన్నిగారనే అనేవాడు. నన్ను మాత్రం ఆవిడ నా పేరుతో ఎప్పుడూ పిలవలేదు. నాది సరిహద్దులో తర్లగూడ కాబట్టి నేను "తర్లగూడా" అయిపోయాను. "ఒరే తర్లగూడా, నీ నెట్టు నడస్తందా, పాకతందా?" అంటూ లోపలికి వచ్చేది.

తెలుగు సంఘం వెబ్‌సైటు ఆవిడ చేతిలో ఉండేది. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారని అడిగిన ప్రతిసారీ కొత్త జవాబు వచ్చేది. ఒకసారి "పుస్తకంలో" అంది, ఇంకోసారి "నా మొగుడు మాటాడడు, నాకు తోసేదేటి?" అంది. ఆయన నిజంగానే తన షవల్ లాంటి మనిషి. ఎత్తడం, దించడం, మధ్యలో మాట లేదు. ఇక నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అది నేనూ మా లెక్కల మాస్టారూ కలిసి తీసుకున్న నిర్ణయం. అందుకని ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని చూసిందే నాకు తర్వాతి తరగతులన్నీ.

ఆ సైటుకి ఒక ఫైలు ఉండేది. పేరు చుక్కతో మొదలవుతుంది, చుక్క ఉంది కాబట్టి మామూలుగా చూస్తే కనపడదు. ఎవరు ఏ చిరునామాతో వస్తే ఎటు పంపాలో అందులో వరసగా రాసి ఉంటుంది. ఆ ఫైలు ముందు ఆవిడకి రెండు నియమాలు. మొదటిది ముగ్గు. లైను ముందు అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలున్న ఆ గుర్తు పెడితే సర్వరు ఆ లైనుని చదవకుండా దాటేస్తుంది. ఆవిడకి అది ముగ్గు.

"ఏంది పిన్నీ, తప్పు లైనే కదా, చెరిపేస్తే పోతది" అన్నాను మొదట్లో.

"అది తప్పని నీకేటి తెలుసురా? ఇయ్యాల తప్పు. రేపు అదే కావలసొస్తే ఎక్కణ్ణుంచి తెస్తావు? సంపకు. పడుకోబెట్టు."

రెండో నియమం మరీ కచ్చితం. ఒక చిరునామా నుంచి ఇంకో చిరునామాకి మనుషుల్ని మళ్ళించేటప్పుడు పక్కన ఒక అంకె రాయాలి. మూడొందల ఒకటి అంటే శాశ్వతంగా మారిపోయింది అని. మూడొందల రెండు అంటే ప్రస్తుతానికి ఇటు రండి అని. ఆవిడ చచ్చినా ఒకటి రాసేది కాదు.

"మూడొందల రెండంటే హత్యకేసు కద పిన్నీ?" అన్నాను.

"నీ నోటికి ముందర ముగ్గెయ్యాల్రా" అంది. తర్వాత తెర తుడుస్తూ, "శాశ్వితం అని ఎవుడు రాయమన్నాడు? పెళ్ళై వచ్చిన్నాటినుంచి ఇదే క్వార్టరు. తలుపు మీద పేరు ఇప్పటికీ సుద్దముక్కతోటే రాసున్నాది. రిటైరైన మర్నాడు తాళం అడుగుతారు. మనకే లేదు, నీ పేజీకేటి శాశ్వితం?" అంది.

సైట్లో మిగతా పేజీలు ఎవరూ చూసేవాళ్ళు కాదు. సంఘం అధ్యక్షుడు దండలు వేయించుకున్న ఫోటోలు ఎవరికి కావాలి? అందరూ చూసేది ఒక్క రైలు కబురు. విశాఖపట్నం నుంచి మాకు రోజుకో పాసింజరు. అది ఎక్కడిదాకా వచ్చిందో దారి పొడుగునా ఉన్న మనవాళ్ళు ఆ పేజీలో రాసేవాళ్ళు. కొరాపుట్‌లో ఒక టిఫిన్ హోటలాయన, జైపూర్‌లో ఒక టీచరమ్మ, జగదల్‌పూర్‌లో ఒక లాడ్జి గుమస్తా. పేజీకి సంఘం పెట్టిన పెద్ద పేరేదో ఉండేది. చిరునామా చివర ఆవిడ మాత్రం "పిన్ని" అని ఐదు ఇంగ్లీషు అక్షరాలు పెట్టింది. "పిన్నిలో చూశావా, రైలెక్కడుంది?" అనేవాళ్ళు జనం.

వీళ్ళలో జగదల్‌పూర్ గుమస్తా ఒక అపురూపమైన మనిషి. మధ్యాహ్నం భోంచేసి పడుకుని మూడింటికి లేస్తాడు. లేచాకే కంప్యూటర్ ముట్టుకుంటాడు. రైలు జగదల్‌పూర్ దాటేశాక "రైలు జగదల్‌పూర్ వస్తోంది" అని రాసిన ఘనుడు. వీణ్ణి తీసేద్దాం పిన్నీ అని నేను ఎన్నిసార్లు పోరుపెట్టినా "ఉండనీరా, ఆడేటి నీ అన్నం తింటన్నాడా?" అనేది.

ఒక వానాకాలం ఘాట్‌లో కొండచరియ జారింది. దానికి తోడు లైను ఇంకెక్కడో కూడా కొట్టుకుపోయిందన్నారు. ఇనుపరాయి రైళ్ళు ఆగిపోయాయి. రాత్రింబవళ్ళు ఆ చప్పుడులోనే బతికిన మాకు ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టలేదు. మొబైల్ టవరు మూగపోయింది. ఊరి బజారులో పని చేస్తున్నది నా దుకాణంలోని ల్యాండ్‌లైన్ నెట్టు ఒకటే, అదీ తడిసిన కోడిలా.

మర్నాడు మధ్యాహ్నం అప్పలరాజు నా దుకాణానికి వచ్చాడు. గనిలో డంపర్ తోలేవాడు, విజయనగరం వైపు కుర్రాడు. పెళ్ళాం పుట్టింటి నుంచి మూడో నెల పసిపాపతో ముందురోజు పొద్దున్న రైలెక్కింది. రాత్రికి రావాల్సిన మనిషి. కొరాపుట్ దగ్గర ఒకసారి ఫోన్ కలిసిందట. "బిడ్డకి ఒళ్ళు కాలిపోతంది" అని చెప్తుండగానే కట్టయిపోయింది. ఆ తర్వాత టవరే లేదు. స్టేషన్లో అడిగితే మాకూ కబురు లేదన్నారు. ఊళ్ళో మాత్రం మూడు కబుర్లు తిరుగుతున్నాయి. రైలు వెనక్కి వెళ్ళిపోయిందని, జగదల్‌పూర్‌లో ఆపేశారని, గీదం అవతల అడవిలో ఏదో చిన్న స్టేషన్లో దించేశారని.

అప్పలరాజు ఒక జీపు మాట్లాడుకొచ్చాడు. డ్రైవరు గీదం వాడు, హల్బీ, హిందీ తప్ప రాదు. అతను ఒకటే చెప్పాడు. మూడు దాటితే బయల్దేరను. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఎవరూ తిరగరు. ఎందుకని మా వైపు ఎవరూ అడగరు. చిన్న స్టేషనయితే గీదం దాటి మట్టిరోడ్డులో దిగాలి, చీకటికి తిరిగి రావచ్చు. జగదల్‌పూరయితే తిన్నగా ముందుకు పోవాలి, రాత్రికి అక్కడే ఉండాలి. రెండూ మాత్రం కుదరవు. ఎటు?

పిన్నిగారికి కబురు పెట్టాం. వానలో గొడుగుతో వచ్చి నా కుర్చీలో కూర్చుంది. వెనకాలే కిరండూల్ సంఘం సెక్రటరీ కూడా తడుస్తూ వచ్చాడు. పేజీ తెరిచింది.

తెర తెల్లగా ఉంది. పైన చిరునామా గడిలో కిరండూల్ పేరు వస్తోంది, బచేలి పేరు వస్తోంది, మళ్ళీ కిరండూల్, మళ్ళీ బచేలి. కాసేపు అలా మినుకుమినుకుమని, దారి మళ్ళింపులు మరీ ఎక్కువైపోయాయి, నా వల్ల కాదు అని బ్రౌజరు చేతులెత్తేసింది.

ఆవిడ తెర తుడిచింది. చుక్క ఫైలు తెరిచి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. తర్వాత కీబోర్డు పక్కకి తోసేసింది.

"సెక్రటరీగారూ, మీరు కిరండూలు. ఆ జిరాక్సు మెషీను కాడ నిలబడండి. డ్రైవర్, తుమ్ బచేలీ. దర్వాజేమే ఖడే రహో. అప్పలరాజూ, నువ్వు పేజీ సదవడానికొచ్చినోడివి. ఎల్లి కిరండూలుని అడుగు."

"మాజీ, టైమ్ హో రహా హై" అన్నాడు డ్రైవరు, కానీ గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ నిలబడమంటే నిలబడనివాణ్ణి నేను చూడలేదు.

అప్పలరాజు సెక్రటరీ ముందుకెళ్ళాడు. ఆవిడ ఫైల్లో మొదటి లైను చదివింది. కిరండూల్ పేరు మీద వచ్చినవాణ్ణి బచేలికి పంపు. సెక్రటరీ నీళ్ళు నములుతూ "బచేలికి వెళ్ళు బాబూ" అన్నాడు. వాడు గుమ్మం దగ్గరికి నడిచాడు. ఆవిడ ఆఖరి లైను చదివింది. బచేలి పేరు మీద వచ్చినవాణ్ణి కిరండూల్‌కి పంపు. "కిరందూల్ జావో" అన్నాడు డ్రైవరు. వాడు మళ్ళీ జిరాక్సు దగ్గరికి, మళ్ళీ గుమ్మం దగ్గరికి. ఇంకోసారి తిరగబోయి దుకాణం మధ్యలో ఆగిపోయాడు. 

"ఏటి పిన్నిగోరూ, నా బిడ్డ దారిలో ఉంటే నన్నిలగ తిప్పుతున్నారు?"

"నిన్నే కాదురా. పొద్దుట్నుంచీ ఈ పేజీకొచ్చిన పెతీవోణ్ణీ ఇలగే తిప్పుతున్నారు. రాసేవోళ్ళని కూడాని. అందికే ఒక్క కబురూ లేదు" అంది. సెక్రటరీ వైపు తిరిగింది. "ఎవరు రాశారండి ఇది?"

సంగతి బయటపడింది. సైటు ఒకటే, దానికి పేర్లు రెండు. ఎవరి పేరు ముందుండాలని కిరండూల్, బచేలి సంఘాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం మానేశాయి. ముందురోజే రాజీ కుదిరింది. భోజనాలయ్యాయి. ఇంటికెళ్ళాక మా సెక్రటరీకి ఔదార్యం పొంగి, ఇకనుంచి బచేలి పేరే ఉండనీ అని ఫైల్లో పైన ఒక లైను రాశాడు. అవతల బచేలి సెక్రటరీకీ అదే పూట అదే పొంగింది. కిరండూలే పెద్ద అని కింద ఒక లైను రాశాడు. ఒకరు రాసింది ఇంకొకరు చదవలేదు. పోట్లాడుకున్నన్నాళ్ళూ బ్రహ్మాండంగా నడిచిన సైటు ఇద్దరూ మర్యాదస్తులయ్యేసరికి చచ్చిపోయింది.

"గౌరవంగా ఉంటుందని..." అన్నాడు సెక్రటరీ.

ఆవిడ పైలైను ముందు ముగ్గు వేసింది. ఫైలు సేవ్ చేసింది. పేజీ మళ్ళీ తెరిచింది.

కిరండూల్. బచేలి. కిరండూల్. బచేలి.

అప్పలరాజు గోడకి ఆనుకున్నాడు. ఆవిడ మళ్ళీ ఫైలు తెరిచి చూసింది. ముగ్గు ఉంది. మళ్ళీ సేవ్ చేసింది. కింది లైనుకి కూడా ముగ్గు వేసింది. మళ్ళీ అదే తిరుగుడు. "నీ నెట్టు పాడుగానూ, నేను రాసింది అవతలికి ఎల్లటం లేదేమోరా" అని నా మీద విరుచుకుపడింది. "వెళ్ళింది పిన్నీ, నేనూ చూసిన కద" అన్నాను. ఆవిడ కొంగుతో తెర తుడుస్తోంది. ఉన్న దుమ్మంతా ఎప్పుడో పోయింది, ఇంకా తుడుస్తూనే ఉంది. ఆవిడ భయపడితే ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. నోరు తెరిస్తే జోకులే వచ్చే నాకు ఒక్కటీ తట్టలేదు.

బయట జీపు స్టార్టయింది. "జగదల్‌పూర్ చలో భయ్యా, నహీ తో మై చలా" అన్నాడు డ్రైవరు. అప్పలరాజు ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు.

ఆవిడ చెయ్యి తెర మీదే ఆగింది. ఫైల్లోకి తొంగిచూసి, పడుకోబెట్టిన ఆ రెండు లైన్ల చివరలు చదివింది. "శాశ్వితం" అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "ఇద్దరూ మూడొందల ఒకటే రాసి సచ్చేరు!"

"అయితే ఏంది పిన్నీ? రెండూ పండుకున్నయి కదా."

"సర్వర్లో పడుకున్నాయి. ఈ బ్రౌజర్లో పడుకోలేదు. శాశ్వితం అని ఒకసారి చెప్తే ఇది గుర్తెట్టేసుకుంటాది. మళ్ళీ ఎల్లి సర్వర్ని అడగదు. ఇందాకటి తప్పునే తనలో తనే తిప్పుకుంటంది. ఇయ్యాల ఈ పేజీ తెరవని కంప్యూటర్ ఉందా నీ కాడ?"

వెనక గదిలో ఫోటోలు ప్రింటు తీసే పాత కంప్యూటర్ ఒకటుంది. దానికి నెట్టే పెట్టను. వైరు పీకి దానికి గుచ్చాను. క్లిప్పు విరిగిపోయి ఊడిపోతుంటే అగ్గిపుల్ల దోపాను. ఆవిడ నా వెనక నిలబడి "బేగి, బేగి" అంటోంది. చిరునామా కొట్టాను.

తెరుచుకుంది. రైలు కబురు అని పైన, కింద వరసలు. అప్పలరాజు తెర మీదికి వంగిపోయాడు. ఆఖరి వరస ముందురోజుది.

"ఉండదు కదరా" అంది ఆవిడ. "పొద్దుట్నుంచీ రాయడానికొచ్చిన హోటలాయనికీ, టీచరమ్మకీ వాళ్ళ కంప్యూటర్లు కూడా ఈపాటికి శాశ్వితం మింగేసుంటాయి. నేనిక్కడ బాగు చేసినా వాళ్ళకింకా తిరుగుడే. ఇయ్యాల దీన్ని ముట్టుకోనోడు ఎవుడైనా రాయాలి."

గడియారం మూడు కొట్టడానికి వచ్చింది. బయట డ్రైవరు హారన్ నొక్కాడు. పిన్నిగారు గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళింది. సాగనంపుతోందేమో అనుకున్నాను. కాదు. జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుని, లోపల గొడుగు తెరిచింది. డ్రైవరుకి రోడ్డు కాదు కదా, స్టీరింగు కూడా కనపడదు. "మాజీ, యే క్యా హై?" అంటున్నాడు. "పానీ గిర్తా" అంటోంది ఆవిడ, ఆ జీపు పైకప్పులో ఒక్క చిల్లు కూడా లేకపోయినా.

నేను తెర ముందు కూర్చుని పేజీని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేస్తున్నాను. అదే వరస. అగ్గిపుల్ల జారింది, మళ్ళీ దోపాను. అదే వరస. అప్పలరాజు ఊపిరి నా మెడ మీద తగులుతోంది. అదే వరస.

కొత్త వరస.

జగదల్‌పూర్ గుమస్తా! "తిన్నాక కాస్త కన్నంటుకుంది, ఇప్పుడే లేచాను. మా లాడ్జికొచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు, పాసింజరు మా ఊరు దాటి గీదం దగ్గర చిన్న స్టేషన్లో ఆగిపోయిందట, లైను లేదు. జనాన్ని దించేశారు. కొందరు నడిచి రోడ్డెక్కారు. చంటిపిల్లతో ఒకావిడ స్టేషన్ మాస్టరు గదిలో ఉందట. మా లాడ్జి టీ ఇవాళ కూడా బాగాలేదు."

నేను చదవడం పూర్తి చేసేసరికి అప్పలరాజు జీపులో ఉన్నాడు. "చిన్న స్టేషనే పిన్నీ, గీదం అవతల!" అని అరిచాను. ఆవిడ గొడుగు మూసి దిగింది. డ్రైవరు వీపు మీద ఒక్కటి చరిచి "జావ్ బేటా" అంది. ఎర్రనీళ్ళు రెండువైపులా చిమ్ముతూ జీపు పోయింది.

తర్వాత ఆవిడ దుకాణంలోకి వచ్చి సెక్రటరీ ఎదుట నిలబడింది. పెద్దగా తిడుతుందనుకుని నేను స్టూలు దగ్గరికి లాక్కున్నాను. "ఇంకెప్పుడైనా మర్యాద చెయ్యాలనిపిస్తే ఆళ్ళింటికెల్లి కాఫీ తాగి రండి. ఫైలు ముట్టుకోకండి" అంది, అంతే.

వెలుతురుండగానే జీపు తిరిగొచ్చింది. అప్పలరాజు పెళ్ళాం తడి చీరలో, పాప స్టేషన్ మాస్టరు తువ్వాలులో. జీపు అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్ళింది. పిన్నిగారు నా దుకాణం గుమ్మంలోంచి చూసి చెప్పులు తొడుక్కుంది. గుమస్తాని తీసేద్దామన్న మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

వాళ్ళాయన రిటైరయ్యాక సామాను లారీకెక్కిస్తూ, బజారంతా వింటుండగా నాకు పాస్‌వర్డు అరిచి చెప్పి వెళ్ళింది. లారీ మలుపు తిరగకముందే అది మార్చాల్సి వచ్చింది.

ఇక బచేలి సెక్రటరీ ఫోన్లో చెప్పిన రెండో మాట. "ఆ పేజీకి చక్కటి చిరునామా ఒకటి పెడదాం. 'పిన్ని' అని ఏంటి, కొత్తవాళ్ళకి అర్థం కాదు. పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్ళించెయ్. ఎలాగూ ఆవిడ లేరు కదా, పర్మనెంట్‌గా పెట్టెయ్."

ఫైలు తెరిచాను. ఆ రెండు మర్యాద లైన్లూ ముగ్గుల వెనక ఇంకా పడుకునే ఉన్నాయి. వాటి కింద కొత్త లైను రాశాను. పిన్ని చిరునామాతో వచ్చినవాణ్ణి కొత్త చోటికి పంపు. అంకె దగ్గర ఆగాను. ఒకటి రాస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒకసారి వచ్చినవాడి బ్రౌజరు దాన్ని గుర్తుపెట్టేసుకుని, మళ్ళీ ఈ గుమ్మం వైపే రాదు. రెండు రాస్తే వచ్చిన ప్రతిసారీ ముందు ఇక్కడికే వచ్చి, ఎటు వెళ్ళాలని అడిగి, అప్పుడు కదలాలి.

"పెట్టావా? పర్మనెంటేనా?" అని సాయంత్రం సెక్రటరీ మళ్ళీ ఫోన్ చేశాడు.

"లామినేషన్ చేసినంత గట్టిగా" అన్నాను.

ఈ వానల్లో మళ్ళీ టవరు పోయింది. బడి బ్యాగుతో ఒక అమ్మాయి వచ్చి, వాళ్ళమ్మ విజయనగరం నుంచి వస్తోందని, రైలెక్కడుందో చూడాలని నా కుర్చీలో కూర్చుంది. అప్పలరాజు కూతురు. పిన్నిగారెవరో ఆ పిల్లకి తెలియదు. వాళ్ళ నాన్న నేర్పిన చిరునామా కొట్టింది. గడిలో ఆ ఐదు అక్షరాలు ఒక్క క్షణం నిలబడి, తర్వాత మారాయి.

"అంకుల్, స్లోగా ఉందేంటి?" అంది.

"అడిగి వస్తోందమ్మా" అన్నాను.